ఆముదం కంపౌండర్

చేవెళ్ల కూరగాయల మార్కెట్లో టమాటా గంపల నడుమ నుంచి ముడిమ్యాల రైతు ఒకడు నన్ను పిలిచి చెప్పాడు.

"దొరా, మీ ఆముదం కంపౌండర్ పోయిండట గద. మొన్న మంగళారం."

మా గడి కూలి నలభై ఏళ్లు దాటింది. భూములు పోయాయి. పేరు వెనక దొర ఒకటి మిగిలింది. దాన్ని కొందరు గౌరవంగా అంటారు, కొందరు ఎగతాళికి అంటారు. ఆ రైతు ఎట్లా అన్నాడో నేను పట్టించుకోలేదు. ఆముదం అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ పేరు ఆయనకు మా ఇంటి నుంచే వచ్చింది.

ఆ సంగతి ముందు చెప్పాలి. నాకు ఆరేళ్లున్నప్పుడు మా అక్క కడుపునొప్పితో చనిపోయింది. అప్పటికి దానికి పదమూడేళ్లు. పక్క ఊరి చిన్న సర్కారు దవాఖానలో కంపౌండర్‌గా ఉన్న ఆయన వచ్చి ఆముదం ఇచ్చాడనీ, దానితో లోపల పేగు పగిలిందనీ మా ఇంట్లో చెప్పుకొనేవారు. మా బాపు తనకున్న పలుకుబడితో ఆయనను ఎక్కడో దూరానికి బదిలీ చేయించాడు. ఊళ్లు ఆయనకు ఆముదం కంపౌండర్ అని పేరు పెట్టాయి. విచిత్రమేమిటంటే ఆ తర్వాత కూడా మా ఇంట్లో ఆర్నెల్లకొకసారి పిల్లలకు ఆముదం పట్టడం ఆగలేదు. ఆముదం మంచిదే, పోసిన చెయ్యి మంచిది కాదు, మోతాదు తెలియనివాడు పోశాడు. ఇదీ మా ఇంటి తీర్పు. ఆయనను మేము 'వాడు' అనేవాళ్లం.

నేను మళ్లీ ఆయనను చూసింది మొయినాబాద్‌లో. చేవెళ్ల రోడ్డు పొడవునా పూలతోటలు పోయి ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్న రోజులవి. ఎవరిని చూసినా సాఫ్ట్‌వేర్ మాటే. ఆ కాలేజీల్లో ఒకదానిలో నేను ఆఫీసు సూపరింటెండెంటును. ఉన్నవి మూడు చొక్కాలే అయినా ఇస్త్రీ లేకుండా ఏనాడూ గేటు దాటలేదు. గేటు ఎదురుగా టీ హోటలు, దాని పక్కన రేకుల గది. ఉద్యోగం నుంచి రిటైరైన తర్వాత ఆయన ఆ గదిలో ఒక బెంచీ, ఒక స్టూలు వేసుకొని కూర్చున్నాడు. జనం కంపౌండర్ సాబ్ అనేవారు. ముసలివాళ్లు మాత్రం పాత పేరుతోనే పిలిచేవారు. ఆయన దానికీ పలికేవాడు.

రోజూ నాలుగింటికి నేను టీకి వెళ్లి ఆ గదికి వీపు తిప్పి నిలబడేవాణ్ణి. కానీ చెవులకు వీపు అడ్డం కాదు. ఏడేళ్లు ఒక్క మాట మాట్లాడకుండా ఆయన చెప్పిందంతా విన్నాను. మనిషి కడుపు గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ అట్లా నిలబడి నేర్చుకున్నవే.

ఎవరొచ్చినా మొదట ప్రశ్నలు. ఒంగోలు నుంచి వచ్చి మా సందులో కిరాయికి ఉన్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకసారి గుండెల్లో మంట అని వచ్చాడు.

"ఏం తిన్నవు?"

"పిజ్జా అండి."

"ఎప్పుడు?"

"మీటింగ్‌లో అండి."

"మీటింగ్ అంటె జాగ. నేను టైము అడిగిన."

"మధ్యాహ్నం మూడున్నరకి."

"నమిలినవా?"

"గుర్తులేదండి."

"నమిలినోనికి యాదుంటది. నోట్ల ముప్పై రెండు పండ్లున్నయి, కడుపుల ఒక్కటి లేదు. కడుపుల ఉన్నది పులుసు, తిప్పుడు. అంతే. నోట్ల చేసే పని నువ్వు చెయ్యకుంటె అది ఎట్ల చేస్తది?"

"మరి ఈ మంట పైకెందుకు వస్తుందండి?"

"తినంగనే పండుకుంటవు గద?"

"పడుకోను. కొంచెం వాలతానంతే."

"బిందెను కొంచెం వాలిస్తె నీళ్లు ఆగుతయా? కడుపు మీద ఒక మూత ఉంటది. నిలబడ్డప్పుడు అది నిన్ను కాస్తది. నువ్వు వాలితె అది వదులయితది, పులుసు మీదికొస్తది. ఆ పులుసు ఎముకను గూడ మెత్తగ చేస్తది. నీ గొంతు దానికి లెక్కనా?"

"ఏదో ఒక టాబ్లెట్ ఇవ్వండి సార్. ఆరింటికి కాల్ ఉంది."

"పండుకో ఈ బెంచీ మీద. చెయ్యి పెట్టకుంట మందియ్య."

ఈ మాట నేను ఏడేళ్లలో కొన్ని వందల సార్లు విని ఉంటాను. ఎంత తొందరలో వచ్చినవాడైనా బెంచీ మీద వెల్లకిలా పడుకొని మోకాళ్లు ముడవాలి. అప్పుడు ఆయన రెండు అరచేతులనూ గబగబ రుద్దుకొనేవాడు. సల్లటి చెయ్యి పెడితే కడుపు బిర్రుగయితది, నిజం చెప్పదు అనేవాడు. చెయ్యి పెట్టాక కడుపును చూసేవాడు కాదు. పడుకున్నవాడి ముఖం చూసేవాడు. ఎక్కడ నొక్కితే కనుబొమ్మ కదిలిందో అక్కడ వేళ్లు ఆగేవి. ఆడవాళ్లు వస్తే వెంట వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టి, చీర మీద నుంచే చూసేవాడు. ఎవరూ వెంట రాకపోతే టీ హోటలు యజమాని భార్యను పిలిచేవాడు. ఆమె పిండి చేతులతోనే వచ్చి కూర్చునేది. ఎవరైనా సిగ్గుపడి వెనక్కి పోతానంటే మందు లేకుండానే పంపేవాడు, గ్యాసు గోలీ కూడా ఇచ్చేవాడు కాదు. ఇంత పట్టుదల ఎందుకని ఎవరూ అడగలేదు.

టీ హోటలు యజమానికి ఆయనతో రోజూ పేచీ.

"సాబ్, గిరాకీ మిర్చి బజ్జీ తినేటప్పుడు పేగుల ముచ్చట పెడితె నా దుకాణం మునుగుతది."

"నీ బజ్జీలే నాకు గిరాకీ తెస్తున్నయి. ఇద్దరం ఒకళ్ల మీద ఒకళ్లం బతుకుతున్నం, జర ఓపిక పట్టు."

పైత్యం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మాంసం కొట్టు గుర్తు చేసేవాడు. కార్జం అడుగున పచ్చటి తిత్తి ఒకటి ఉంటుంది, కోసేవాడు దాన్ని పగలకుండా ఎంత జాగ్రత్తగా తీస్తాడో చూశావా, అది చిట్లితే కూరంతా చేదు. ఆ పసరు మనలోనూ ఉన్నది. గిన్నెకు పట్టిన నూనెను సబ్బు విడదీసినట్టు, తిన్న కొవ్వును అది విడదీస్తుంది. ఇంత చెప్పి చివర ఒక మాట అనేవాడు. "నోరు మాలిక్, కడుపు నౌకర్. మాలిక్ చేసిన తప్పుకు నౌకర్ మార్ తింటడు." ఆ మాట అన్నప్పుడల్లా నా వీపు ఇంకొంచెం నిటారు అయ్యేది. నన్ను ఉద్దేశించి అనలేదని తెలుసు. అయినా అయ్యేది.

ఆయన తింటుంటే చూడాలి. జొన్నరొట్టె చిన్న ముక్క విరిచి, పప్పులో అద్ది, నోట్లో పెట్టుకొని కళ్లు మూసుకొనేవాడు. ఎవరు వచ్చినా ఎడమ చెయ్యి ఎత్తి ఆపేవాడు. అది మింగాకే మాట.

షాబాద్ నుంచి వచ్చిన ముసలి రైతు ఒకాయన సంగతి మా కాలేజీ పిల్లలు చాలా రోజులు చెప్పుకొన్నారు. నాలుగు రోజులుగా బయటికి పోలేదని కడుపు పట్టుకొని వచ్చాడు. తలకు తెల్లటి రుమాలు చుట్టుకొని ఉన్నాడు. కంపౌండర్ ముందుగా బెంచీ మీద పడుకోబెట్టి చూశాడు, ఫికర్ లేదన్నాడు. తర్వాత చేతులు జోడించి, "తాతా, నీ రుమాల్ జర ఇస్తవా" అన్నాడు. తలపాగా అడగడం చిన్న సంగతి కాదు. ముసలాయన సందేహపడి, విప్పి ఇచ్చాడు. ఆయన ఒక కొస ముసలాయనకిచ్చి, రెండో కొస ఒక కాలేజీ పిల్లవాడికిచ్చి రోడ్డు వెంట నడవమన్నాడు. ఆ బట్ట గది గడప నుంచి టీ హోటలు పొయ్యి దాకా వచ్చింది.

"ఏడు గజాలు. గిది నీ సన్నపేగు. తిన్న దాంట్ల సత్తువంత గిక్కడనే నెత్తురుల కలుస్తది. ఇగ దీని కొసకు దొడ్డుపేగు, నీకంటె జర పొట్టిగ. దాని పని నీళ్లు గుంజుడు. నువ్వు నీళ్లు తాగకపోతివి, చేనుకాడ సిగ్గుకు ఆపుకుంటివి. అది ఉన్న నీళ్లన్నీ గుంజింది. లోపట మట్టి పెళ్లలైంది."

తర్వాత ఆ బట్టనంతా మడతలు మడతలుగా ఒక చిన్న బిందెలో కుక్కి చూపించాడు. "గింత బట్టను గింత బిందెల పెట్టి పంపిండు దేవుడు. ఒక్క మడత మెలిక పడితె ఎట్లుంటదో చూసుకో." ముసలాయన బిందెలోకి వంగి చాలాసేపు చూశాడు. "ఇన్నేండ్లు గిదంత మోసుకొని తిరిగిన్నా" అన్నాడు. కంపౌండర్ రుమాలును దులిపి, సాపు చేసి, తనే ఆయన తలకు చుట్టాడు. మా ఇంటి పెద్దలకు చుట్టినట్టు, ఒక్క ముడత లేకుండా చుట్టాడు. నేను అప్పుడు వీపు తిప్పి లేను. టీ చల్లారిపోయింది.

మా ప్రిన్సిపాలును కూడా ఆయన పదిమందిలో అడిగేశాడు. మోకాళ్ల నొప్పికి ఏవో మాత్రలు పరగడుపున వేసుకుంటున్న మనిషి, నీరసమని వచ్చాడు.

"సార్, దొడ్డికి ఏ రంగుల పోతున్నరు?"

ప్రిన్సిపాలు అటూ ఇటూ చూశాడు. "నల్లగా."

"తారు లెక్కనా?"

"అట్లాగే."

"అది నెత్తురు. ఎర్రగ పడితె కింది నుంచి వచ్చిందనుకోవాలె. నల్లగ పడితె మీద కడుపుల కారి, కిందికి వచ్చేదాంక మాడింది. కాలేజి రేపు చూసుకోండ్రి. ఇయ్యాల పట్నం పోండ్రి."

వారం తర్వాత తిరిగొచ్చిన ప్రిన్సిపాలు రోడ్డు దాటి వెళ్లి ఆయనకు నమస్కారం పెట్టాడు. ఆఫీసు కిటికీలో నుంచి చూసి నేను రిజిస్టరులో తల పెట్టుకున్నాను.

మా పాపకు పదకొండో ఏడు నడుస్తున్నది. ఒక శనివారం సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి అన్నది. అన్నం వద్దన్నది, ఒకసారి కక్కింది. ఆదివారం పొద్దున లేచేసరికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. అమ్మ అప్పటికే ఆముదం వెచ్చబెడుతున్నది. "అజీర్తి. కడుపు కడిగి ఆర్నెల్లు దాటలేదా? తాగితె సాఫయితది" అన్నది. నేను సరేనన్నాను. నా భార్య చెప్పులు వేసుకొని బయటికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వెంట ఉన్నాడు.

నేను గడపలో అడ్డం నిలబడ్డాను. మా ఇంటి గడప ఆయన దాటడానికి మా బాపు ఒప్పని కులం ఆయనది. నేను అడ్డుపడింది దానికి కాదు, అక్క కోసం అని నాకు నేను చెప్పుకొన్నాను.

"నేను పిలిచిన" అన్నది నా భార్య.

ఆయన గేటు దగ్గరే ఆగాడు. "దొరా, నన్ను తిట్టేది ఉంటె తర్వాత తిట్టు. పాప నోట్ల ఏమన్న పోసిండ్రా? అది చెప్పు."

"ఇంకా లేదు."

"నీళ్లు గూడ వద్దు. ఒక్కపారి చెయ్యి పెట్టనియ్యి."

నేను కదలలేదు. అప్పుడు నా వెనక నుంచి అమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఆముదం గిన్నె ఉన్నది. ఆయన ఆమెను చూసి తల వంచాడు. అప్పటికే అరచేతులు రుద్దుకుంటున్నాడు, అలవాటు కొద్దీ. అమ్మ ఆ చేతుల వంకే చూస్తూ నిలబడిపోయింది. తర్వాత గిన్నెను కింద పెట్టి నా భుజం పట్టి పక్కకు జరిపింది.

"రానియ్యి. ఈపారి రానియ్యి" అన్నది.

ఆయన పాప పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడివైపు వేళ్లు మెల్లగా ఆన్చి, చటుక్కున తీశాడు. నొక్కినప్పుడు కంటే తీసినప్పుడు పాప ఎక్కువ అరిచింది. ఒంటి కాలు మీద దుంకు బిడ్డా అంటే దుంకలేక వంగిపోయింది.

"ఇరవై నాలుగు గంటల నొప్పి అంటరు దీన్ని. దొడ్డుపేగు మొదట్ల చిటికెన వేలంత తోక ఒకటి ఉంటది, అది వాచింది. ఆముదం పడితె పేగులన్నీ గట్టిగ పిసుక్కుంటయి, వాచింది పగులుతది. నిన్న పొద్దుమీకి షురువయింది గద. ఇంక టైము లేదు. కారు చూడు దొరా."

కారు మాకెక్కడిది. సాఫ్ట్‌వేర్ అబ్బాయి కొత్త కారు తీశాడు. కంపౌండర్ వెంట రాలేదు, తన మాట పట్నం దవాఖానలో ఎవరు వింటారన్నాడు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడి నుంచి ఎక్కడికి దిగింది, నోట్లో ఏమీ పోయలేదు అని ఒక చీటీ మీద రాసిచ్చాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు తర్వాత బయటికొచ్చి, ఇంకో పూట ఆగితే పగిలేదన్నాడు. ఆ చీటీ చూపించి ఎవరు రాశారని అడిగాడు.

"మా కంపౌండర్" అన్నాను.

వరండాలో బెంచీ మీద అమ్మ నోరు విప్పింది. నా వైపు చూడకుండా, ఎదుటి గోడతో చెప్పినట్టు చెప్పింది.

"మీ అక్క నొప్పి గూడ బొడ్డుకాడ షురువయి గట్లనే కుడిదిక్కు దిగింది. ఆయన తలుపవతల నిలబడి చేతులు రుద్దుకుంట, ఒక్కపారి చెయ్యి పెట్టి చూస్త దొరా, పట్నం తీసుకపోవాలేమో అన్నడు. ఎదిగిన ఆడిపిల్ల కడుపు మీద నువ్వు చెయ్యి పెడతవా అన్నడు మీ బాపు. ఆముదం పోసి పో అన్నడు. ఆయన మూడు సార్లు అడిగిండు. నేను ఇన్న."

"తర్వాత?"

"తాగినంక నొప్పి తగ్గింది. అందరం సంబురపడ్డం. పగిలినంక జరసేపు గట్లనే తగ్గుతదని ఎవరికెరుక. తెల్లారి కడుపు చెక్క లెక్కయింది."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"ఎవరికి చెప్పాలె? మీ బాపుకా?"

మూడో రోజు నేను ఆయన గదికి వెళ్లాను. ఏం చెప్పాలో దారి పొడవునా సిద్ధం చేసుకొని వెళ్లాను. ఆయన స్టూలు మీద నుంచి లేచాడు.

"పాపకు గ్యాస్ పోయిందా?"

నేను సిద్ధం చేసుకున్న మాటలేవీ దీనికి జవాబు కావు. "పోయింది. ఇయ్యాల పొద్దుగాల" అన్నాను.

ఆయన ముఖమంతా విప్పారింది. "అయితె పేగులు మేలుకున్నయి. కత్తి పడ్డప్పుడు అవి అలిగి పండుకుంటయి. ఇగ పల్చగ జావ పొయ్యండ్రి."

"అమ్మ చెప్పింది" అన్నాను. "మీరు అడిగిండ్రట. మా బాపు పెట్టనియ్యలేదట. ఇన్నేండ్లు ఆ పేరు ఎందుకు మోసిండ్రు?"

ఆయన బెంచీ మీద దుప్పటి సరిచేశాడు.

"పెట్టనియ్యలే, నిజమే. గని సీస మూత తీసింది నేనే గద దొరా. వద్దని బయటికి నడవాలె. నడవలే. భయమైంది."

"ఊళ్లో చెప్త. అందరికీ చెప్త."

"చెప్తె మీ బాపు పేరు పోతది. పోయినోడు పోయిండు. ఇడిసిపెట్టు."

విడిచిపెట్టాను. అంత తేలికగా విడిచిపెట్టినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆయనే వద్దన్నాడు కదా అని ఆ ఒక్క మాట వెనక ఇరవై ఏళ్లు దాక్కున్నాను. నేను చేసిందల్లా టీ తాగేటప్పుడు ఆయన గది వైపు తిరిగి నిలబడటం. ఆయన ఎదురు స్టూలు జరిపేవాడు, నేను కూర్చునేవాణ్ణి. నములు దొరా, బిస్కెట్టుకు గూడ పండ్లు పనికొస్తయి అనేవాడు. మంచి రోజులు అవి. కాలేజీ వదిలిన పిల్లలతో రోడ్డు నిండిపోయేది. వాళ్లలో ఏ పొట్ట ఎప్పుడు బెంచీ మీదికి వస్తుందో ముందే పందెం కట్టేవాడు. కానీ ముసలివాళ్లు రోడ్డు మీద నుంచి ఆముదం కంపౌండర్ అని పిలిచినప్పుడు ఆయన పలికేవాడు, నేను టీ గ్లాసులోకి చూసేవాణ్ణి.

మార్కెట్లో ఆ కబురు విన్నాక ఆయన దినాలకు వెళ్లాను. షాబాద్ దగ్గర పల్లెలో ఆయన ఇల్లు, ముందు టెంటు. ఆయన కూతురు నన్ను ఎరగదు. ఏ ఊరని అడిగింది. చెప్పాను. ముఖం బిగిసింది.

"దొరగారా. కూసోండ్రి" అన్నది.

కుర్చీ చూపించింది. టెంటు కింద నుంచి ఒక ముసలి గొంతు, "ఆముదం కంపౌండర్‌కు దొరలు గూడ వచ్చిండ్రురా" అన్నది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె నవ్వలేదు.

నేను కూర్చోలేదు. "అమ్మా, మీ బాపు మా అక్క కడుపు మీద చెయ్యి పెట్టి చూస్తనన్నడు" అన్నాను. "మూడు సార్లు అడిగిండట. మా బాపు పెట్టనియ్యలే. ఆముదం పొయ్యమన్నది మా బాపు. తప్పు మీ బాపు మీద వేసింది మేము."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆగిపోయింది. "మా అన్నకు రెండు సంబంధాలు గీ పేరుకు తప్పిపోయినయి. మా పిల్లలను బడిల ఆముదపోళ్లు అన్నరు. మా బాపు మాకు గూడ ఈ ముచ్చట చెప్పలే" అన్నది. తర్వాత లోపలికి తిరిగి పిలిచింది. "అన్నా, జర ఇటు రా."

అన్న వచ్చాడు. గుండు, భుజం మీద తడి తువ్వాలు.

"మళ్ల చెప్పుర్రి" అన్నది ఆమె.

చెప్పాను. అతను నా ముఖం చూస్తూ విన్నాడు, వాళ్ల నాయిన చూసినట్టే.

"గింత మెల్లగ ఎవరికి ఇనపడుతది" అన్నది ఆమె. "ఆ టెంటు కింద కూసున్నోళ్లే గా పేరుతోని పిలిచింది. ఆళ్లకు చెప్పుర్రి."

నేను టెంటు కిందికి నడిచాను. పదిహేను ఇరవై మంది ఉన్నారు, కొందరు మా బాపును ఎరిగినవాళ్లే. మాటలు ఆపి నా వైపు చూశారు. నేను మా బాపు పూర్తి పేరుతో మొదలుపెట్టాను.